బేస్‌మెంట్‌లో బుల్ రన్: బొమ్మ సైనికుల యుద్ధం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఉత్తర వర్జీనియాలో. నెలకో శనివారం ఐదారుగురం మా బావ వాళ్ళ బేస్‌మెంట్‌లో చేరి, అమెరికా అంతర్యుద్ధంలో 1861 జూలై 21న ఇక్కడికి దగ్గర్లోనే జరిగిన మొదటి మనాసస్ యుద్ధాన్ని అంగుళం కూడా లేని బొమ్మలతో ఆడతాం. ఈ యుద్ధానికే మొదటి బుల్ రన్ అని ఇంకో పేరు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఆట మధ్యలో ఆపి చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నాను.

ఇది చదరంగం లాంటిదా, బోర్డ్ గేమా, బొమ్మలాటా?

మూడూ కొంచెం కొంచెం. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన కొత్తలో బేస్‌మెంట్ మెట్ల మీంచి తొంగి చూసి, "సంక్రాంతి వెళ్ళి నెలైంది, ఇంకా కొలువు తియ్యలేదా?" అన్నారు. చూడ్డానికి అచ్చం బొమ్మల కొలువే. పచ్చగుడ్డ పరిచిన బల్ల, దాని మీద కొండలు, ఏరు, రెండు మూడు ఇళ్ళు, వరసలుగా సిపాయిలు.

తేడా ఏమిటంటే, ఈ బొమ్మలు కదులుతాయి. గళ్ళుండవు కాబట్టి టేపుతో కొలిచి కదుపుతాం. తుపాకి దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. చదరంగంలోనూ పులిజూదంలోనూ మనం జరపాలనుకున్న కాయ జరిగి తీరుతుంది. ఇక్కడ ఆ భరోసా లేదు. "వెళ్ళు" అన్నా రెజిమెంటు (కొన్ని వందల మంది సిపాయిల దళం) వెళ్ళకపోవచ్చు, వెళ్ళి సగం దారిలో ఆగిపోవచ్చు, వెనక్కి పరిగెత్తుకు రావచ్చు. ఆటలో అసలు మజా ఇదే. కొంతమందికి అసలు చిరాకూ ఇదే.

పెద్దవాళ్ళకి ఈ బొమ్మలేంటని ఎవరైనా నవ్వితే చెప్పడానికి ఒక మాట ఉంది. 19వ శతాబ్దంలో ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపున్న పాత రాజ్యం) సైన్యం తన ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చింది ఇలాంటి ఆటతోనే. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో, ఇంట్లో నేల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకమే వేశాడు.

గెటిస్‌బర్గ్ అంత పేరున్న యుద్ధం ఉండగా దీన్నెందుకు ఎంచుకున్నారు?

మేమూ ముందు గెటిస్‌బర్గే అనుకున్నాం. మూడు రోజుల యుద్ధం, రెండు వైపులా కలిపి లక్షన్నర పైన సైన్యం. లెక్క వేసుకునేసరికే మాకు ఓపిక అయిపోయింది.

మనాసస్ ఒక్క రోజులో ముగుస్తుంది. వాషింగ్టన్ నుంచి దక్షిణానికి కదిలిన యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ) సైన్యం సుమారు 35 వేలు. ఎదురుగా ఉన్న కాన్ఫెడరేట్లు (విడిపోయిన దక్షిణ రాష్ట్రాలవాళ్ళు), రైలెక్కి వచ్చి కలిసినవాళ్ళతో సహా, 30 వేల పైచిలుకు. నిజంగా పోరులో దిగింది చెరో 18 వేల మంది. అసలు కారణం ఇంకొకటి. ఆ రోజు మైదానంలో ఉన్న ఎవరికీ యుద్ధం చేయడం సరిగా రాదు. చాలామంది సిపాయిలు మూణ్ణెల్ల కోసం చేరినవాళ్ళు. 4వ పెన్సిల్వేనియా రెజిమెంటైతే, గడువు అయిపోయిందంటూ సరిగ్గా యుద్ధం రోజు పొద్దున్నే ఇంటిదారి పట్టింది. అంతమందిని ఒక్కసారిగా నడిపిన అనుభవం సేనాపతుల్లో కూడా ఎవరికీ లేదు.

మాకూ లేదు. వాళ్ళు చేసిన తప్పులే మేమూ చేస్తాం కాబట్టి, ఆట రాకపోయినా యుద్ధం నిజంలాగే కనిపిస్తుంది.

ఆ రోజు ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పగలరా?

రెండు ముక్కల్లో అంటే కష్టమే.

యూనియన్ సేనాపతి మెక్‌డొవెల్, కాన్ఫెడరేట్ సేనాపతి బోరెగార్డ్ ఇద్దరూ వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 1838 బ్యాచ్ క్లాస్‌మేట్లు. విచిత్రం ఏమిటంటే ఇద్దరి ప్లానూ ఒకటే: ఎదుటివాడి ఎడమ పక్క నుంచి చుట్టి కొట్టాలి. మెక్‌డొవెల్ ముందు కదిలాడు. రాతి వంతెన దగ్గర కొంతమందితో ఫిరంగులు పేలుస్తూ హడావుడి చేయించి, అసలు దండుని తెల్లవారక ముందే ఉత్తరంగా నడిపించి సడ్లీ రేవు దగ్గర బుల్ రన్ అనే ఏరు దాటించాడు.

వంతెన దగ్గరున్న ఇవాన్స్ అనే కాన్ఫెడరేట్ కల్నల్‌కి ఇదంతా నాటకమని అనుమానం వచ్చింది. అంతలో, మైళ్ళ దూరంలో ఫిరంగి ఇత్తడి మీద ఎండ మెరవడం చూసిన సిగ్నల్ ఆఫీసర్ అలెగ్జాండర్, నీ ఎడమవైపు చూసుకో, చుట్టేస్తున్నారు అని జెండాలతో సంకేతం పంపాడు. ఇవాన్స్ సుమారు 900 మందితో మాథ్యూస్ గుట్ట మీదికి పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు. బీ, బార్టో అనే ఇంకో ఇద్దరు కాన్ఫెడరేట్ నాయకులు తమ బ్రిగేడ్లతో (కొన్ని రెజిమెంట్లు కలిస్తే ఒక బ్రిగేడ్) వచ్చి కలిశారు. మధ్యాహ్నం కాకముందే ముగ్గురూ విరిగి వెనక ఉన్న హెన్రీ గుట్ట వైపు పారిపోయారు. అక్కడ గుట్ట శిఖరానికి వెనక వాలులో తన వర్జీనియా బ్రిగేడ్‌ని పడుకోబెట్టి ఉంచినవాడు జాక్సన్. "స్టోన్‌వాల్" (రాతిగోడ) అన్న పేరు ఆయనకి వచ్చింది ఆ రోజే. ఆ మాట అన్న బీ మాత్రం అదే గుట్ట మీద గాయపడి చనిపోయాడు.

మధ్యాహ్నమంతా ఆ గుట్ట చేతులు మారుతూనే ఉంది. మంచం పట్టి ఉన్న జూడిత్ హెన్రీ అనే 80 ఏళ్ళు దాటిన ముసలావిడ తన ఇంట్లోనే ఫిరంగి గుళ్ళకి చనిపోయింది. నాలుగింటికల్లా కొత్తగా రైలు దిగి వచ్చిన కాన్ఫెడరేట్లు యూనియన్ కుడి పక్కని విరగ్గొట్టారు. వెనక్కి మళ్ళిన సైన్యం కబ్ రన్ వంతెన మీద బండి ఒకటి తిరగబడేసరికి చెల్లాచెదురైంది. యుద్ధం చూద్దామని వాషింగ్టన్ నుంచి గుర్రబ్బండ్లలో భోజనాలు కట్టుకుని వచ్చిన పెద్దమనుషులు కూడా ఆ తొక్కిసలాటలో ఇరుక్కున్నారు. ఆల్ఫ్రెడ్ ఈలీ అనే కాంగ్రెస్ సభ్యుడు పట్టుబడ్డాడు కూడా.

ఎన్ని బొమ్మలు కావాలి? ఎంతవుతుంది?

మొదటి ఆటకి ఒక్క బొమ్మ కూడా కొనొద్దు. అట్టముక్కలు నీలం, బూడిద రంగుల్లో కత్తిరించి, మీద రెజిమెంట్ పేరు రాసి ఆడండి. రెండు ఆటలయ్యాక ఇంకా సరదాగా ఉంటే అప్పుడు కొనండి. మా గుంపులో ఒకతను ఉత్సాహం కొద్దీ ముందే నాలుగు పెట్టెలు తెప్పించుకున్నాడు. అవి ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్ విప్పకుండానే అతని గరాజ్‌లో ఉన్నాయి.

మావి 15 మిల్లీమీటర్ల బొమ్మలు. అంగుళం వెడల్పున్న ఒక్కో బేస్ (చిన్న పలక) మీద మూడేసి అంటించాం. ఒక బేస్ అంటే సుమారు 150 మంది. ఆ లెక్కన ఇవాన్స్ 900 మందికి ఆరు బేసులు, అంటే 18 బొమ్మలు చాలు. పొద్దున జరిగిన మాథ్యూస్ గుట్ట పోరాటం వరకే ఆడితే కాన్ఫెడరేట్ వైపు ముప్ఫై బేసుల లోపు సరిపోతాయి. యూనియన్‌కి అంతకంటే కొంచెం ఎక్కువ. తర్వాత మీ ఇష్టం, మీ పర్సు ఇష్టం.

నాకు బొమ్మలకి రంగులు వేయడం రాదు.

ఈ యుద్ధానికి రానక్కర్లేదు. నీలం వాళ్ళు యూనియన్, బూడిద రంగు వాళ్ళు కాన్ఫెడరేట్ అన్న పద్ధతి అప్పటికింకా కుదరలేదు. 2వ విస్కాన్సిన్ యూనియన్ రెజిమెంటే, కానీ వేసుకొచ్చింది బూడిద రంగు. 33వ వర్జీనియా కాన్ఫెడరేట్లు, ఒంటి మీద నీలం. 14వ బ్రూక్లిన్ వాళ్ళవి ఎర్ర ప్యాంట్లు. లూసియానా నుంచి వచ్చిన కొందరివి చారల ప్యాంట్లు. మీరు ఏ రంగు వేసినా ఎవరో ఒకరికి సరిపోతుంది.

పని వరసగా చేయండి. ముందు ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) కొట్టండి. ముప్ఫై బొమ్మలకీ ఒకేసారి కోట్లు, తర్వాత అందరికీ ప్యాంట్లు, తర్వాత మొహాలు, తుపాకులు. చివర్లో పల్చటి గోధుమ రంగు నీళ్ళు ఒక చుట్టు పూస్తే మడతల్లోకి దిగి నీడలు అవే వస్తాయి. కనుగుడ్ల జోలికి పోకండి. రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడవు. నేను ఒక దళం మొత్తానికి కళ్ళు పెట్టాను, అందరూ దెయ్యాన్ని చూసినట్టు తయారయ్యారు.

బల్ల మీద గుట్టలూ ఏరూ ఎలా?

మా బల్ల ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు. పాత పింగ్‌పాంగ్ టేబుల్లో ఆ మేరకు వాడుకుంటాం. హార్డ్‌వేర్ షాపులో దొరికే గులాబి రంగు ఫోమ్ షీట్లని గుట్ట ఆకారంలో కోసి బల్ల మీద పెట్టి, పైన ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ పరిచేస్తాం. గుట్టలు వాటంతటవే ఏటవాలుగా కనిపిస్తాయి. ఏరుకి నీలం రిబ్బను, రోడ్లకి గోనెపట్టా ముక్కలు.

ఒక్క విషయంలో మాత్రం బద్ధకించకండి. హెన్రీ గుట్టకి శిఖరం ఎక్కడో, వెనక వాలు ఎక్కడో స్పష్టంగా గీత గీయండి. వెనక వాలులో ఉన్న బొమ్మల్ని కింద నుంచి ఫిరంగులు కొట్టలేవు. జాక్సన్ చేసిన పని మొత్తం ఆ గీతలోనే ఉంది. గుట్ట మీద రెండు ఇళ్ళు పెట్టండి: ఒకటి హెన్రీ ఇల్లు, రెండోది జేమ్స్ రాబిన్సన్ ఇల్లు. రాబిన్సన్ బానిస కాని నల్లజాతి రైతు. బానిసత్వం మీద నడిచిన యుద్ధంలో మొదటి పెద్ద పోరు ఆయన పొలంలో జరిగింది. ఆ ఇంటిని వదిలేసి ఆడటం నాకు నచ్చదు.

రూల్స్ కష్టమా?

కొనుక్కునే రూల్ పుస్తకాలు చాలా ఉన్నాయి, బాగుంటాయి కూడా. మాకు వందేసి పేజీలు చదివే టైం లేక రెండు ఏ4 కాగితాలకి కుదించుకున్నాం. బల్ల మీద ఒక అంగుళం అంటే 50 గజాలు. ఒక టర్న్ అంటే 20 నిమిషాలు. కాల్బలం టర్నుకి 8 అంగుళాలు నడుస్తుంది. తుపాకి దెబ్బ 4 అంగుళాల దాకా, ఫిరంగి దెబ్బ 24 అంగుళాల దాకా అందుతుంది.

చెప్పడం కంటే చూపించడం తేలిక. మొన్నటి ఆటలో మా బావ ఇవాన్స్. 4వ సౌత్ కరొలైనాని మాథ్యూస్ గుట్ట మీద చెట్ల అంచున పెట్టాడు. ఎదురుగా వచ్చి కాల్చింది యూనియన్ వైపు 2వ రోడ్ ఐలండ్, నాలుగు బేసులు. టేపు పెడితే మూడున్నర అంగుళాలు, అంటే అందుతుంది. బేసుకి ఒకటి చొప్పున నాలుగు పాచికలు. బయట మైదానంలో ఉంటే 5 గానీ 6 గానీ పడితే దెబ్బ, చెట్ల చాటున ఉంటే 6 మాత్రమే. పడినవి 6, 5, 2, 6. రెండు దెబ్బలు. దెబ్బకో ఎర్ర పూస, దెబ్బ తిన్న రెజిమెంట్ వెనక పెడతాం. అప్పటికే ఒకటుంది, మొత్తం మూడయ్యాయి. మూడైతే ధైర్యం పరీక్ష: రెండు పాచికలు వేసి కూడి, పూసల సంఖ్య తీసేయాలి. 7 గానీ ఆపైన గానీ వస్తే నిలబడతారు. 4 నుంచి 6 వస్తే ఒక నడక వెనక్కి. అంతకంటే తక్కువైతే పరుగే. బావ వేసినవి 5, 3. ఎనిమిదిలోంచి మూడు పోతే ఐదు. నాయకుడు పక్కనే ఉన్నాడు కాబట్టి ఒకటి కలుపుకోవచ్చు, ఆరు. ఒక్కటి తక్కువైంది.

బావ ఆ పాచికల్ని అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మాటా పలుకూ లేకుండా రెజిమెంట్‌ని వెనక్కి జరిపాడు. ఎడమ పక్క ఖాళీ అయింది. మిగతా రెండు టర్నుల్లో గుట్ట మొత్తం పోయింది.

పాచికల మీదే అంతా ఆధారపడితే ఇక తెలివెందుకు?

ధర్మరాజు అడగాల్సిన ప్రశ్న. ఒక్క పాచిక అదృష్టమే. ఆటంతా కలిపి మూడొందల పాచికలు వేస్తాం, అక్కడ అదృష్టం దాదాపు సమానమైపోతుంది. బావ ఓడింది పాచికల వల్ల కాదు, వెనక ఒక్క రెజిమెంట్ కూడా దాచి ఉంచకపోవడం వల్ల. ఈ మాట ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

చిట్టీల మీద ఆర్డర్లు రాస్తారట, నిజమేనా?

నిజమే. కొత్తవాళ్ళకి మేము చెప్పే మొదటి సలహా కూడా ఇదే: మిగతా ఏ రూల్ వదిలేసినా ఇది వదలొద్దు. మనం బల్ల పైన నిలబడి చూస్తాం, మనకి అంతా కనిపిస్తుంది. ఆ రోజు మైదానంలో ఉన్నవాడికి పొగ, చెట్లు, ఎదురుగా ఎవరో అరుపులు, అంతే. ఆ గందరగోళం బల్ల మీదికి రాకపోతే ఇది చదరంగమే అయిపోతుంది.

అందుకని సేనాపతిగా ఆడేవాడు తన బ్రిగేడ్ నాయకులతో మాట్లాడకూడదు. చిట్టీ రాసి అంపైర్‌కి ఇవ్వాలి. ప్రతి రెండడుగుల దూరానికీ ఒక టర్న్ ఆలస్యం. అంపైర్ ఒక పాచిక వేస్తాడు, 1 పడితే వార్తాహరుడు దారి తప్పినట్టే, చిట్టీ చెత్తబుట్టలోకి. ఇది కల్పన కాదు. ఆ రోజు పొద్దున బోరెగార్డ్ దాడి ఆర్డర్లు ఇచ్చాడు. కుడి చివర ఉన్న యూవెల్‌కి రావాల్సిన కాగితం రానే లేదు. ఆయన అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

ఒకసారి నేను బోరెగార్డ్‌గా ఆడుతూ "వెంటనే గుట్ట పట్టుకో" అని రాసి పంపాను. నా ఉద్దేశం హెన్రీ గుట్ట. చిట్టీ అందుకున్న తమ్ముడికి ఎదురుగా కనిపిస్తున్నది మాథ్యూస్ గుట్ట. పదహారు బేసుల బ్రిగేడ్‌ని తీసుకుని, నా కళ్ళ ముందే, యూనియన్ ఫిరంగుల మీదికి నడిపించుకుపోయాడు. నేను నోరు తెరవకూడదు. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రంతా మా ఆవిడ, "ఏంటి, ఆఫీసులో ఏమైనా అయిందా?" అని అడుగుతూనే ఉంది.

ఇలాంటిదే ఇంకో చిన్న రూల్ ఉంది. కొత్తగా ఎదురైన దళం మీద మొదటిసారి కాల్చేముందు ఒక పాచిక వేయాలి. 1 పడితే మనవాళ్ళేమోనన్న అనుమానంతో ఆ టర్న్ కాల్పులు లేవు. ఆ రోజు నిజంగానే, నీలం కోట్లు వేసుకున్న 33వ వర్జీనియా యూనియన్ అధికారి గ్రిఫిన్ ఫిరంగుల మీదికి నడిచొస్తుంటే, గ్రిఫిన్ పేలుస్తానన్నాడు. వద్దు, మనకి తోడొచ్చినవాళ్ళే అని పై అధికారి బ్యారీ ఆపాడు. దగ్గరికొచ్చాక వాళ్ళు తుపాకులెత్తారు. రెండు ఫిరంగులు పోయాయి.

కాన్ఫెడరేట్ వైపు ఎవరు ఆడతారు? ఇబ్బందిగా ఉండదా?

ఉంటుంది, ఉండాలి కూడా. దక్షిణ రాష్ట్రాలు విడిపోయింది బానిసత్వాన్ని నిలుపుకోవడానికే. ఇది మన వ్యాఖ్యానం కాదు, మిసిసిపీ లాంటి రాష్ట్రాలు తమ ప్రకటనల్లో తామే రాసుకున్నాయి. రాష్ట్రాల హక్కులు అంటూ చుట్టు తిప్పి చెప్పేవాళ్ళకి నేను ఆ ప్రకటన చదవమంటాను.

మేము చీటీలు తీసి వైపులు పంచుకుంటాం, ఎవరూ కోరుకుని తీసుకోరు. ఎక్స్ గుర్తున్న కాన్ఫెడరేట్ జెండా గోడకి కట్టడం, టీషర్టు మీద వేసుకోవడం మా దగ్గర కుదరదు. నిజానికి ఈ యుద్ధంలో ఆ జెండా లేదు కూడా. అప్పటి కాన్ఫెడరేట్ జెండా దూరం నుంచి అమెరికా జెండాలాగే కనిపించి గందరగోళం చేసింది కాబట్టే, ఆ తర్వాత వేరే యుద్ధ జెండా తయారు చేసుకున్నారు.

పిల్లల్ని కూర్చోబెట్టొచ్చా?

పదేళ్ళు దాటితే హాయిగా. లెక్కలు మనకంటే వేగంగా చేస్తారు. వార్తాహరుడి పని ఇవ్వండి, చాలా సీరియస్‌గా తీసుకుంటారు.

తగవులొస్తే?

అంపైర్ మాటే చివరి మాట. అంపైర్ లేకపోతే పాచిక వేసి తేల్చుకుని ముందుకెళ్ళిపోండి. అర అంగుళం కోసం పావుగంట వాదించుకున్న రోజులున్నాయి, ఒక్కటీ గుర్తులేదు ఏమని వాదించామో.

భోజనం?

మధ్యలో ఒంటిగంటకి ఆపుతాం. పులిహోర, పెరుగన్నం, చిప్స్. తిండి వేరే బల్ల మీద. టీ కప్పు యుద్ధభూమి మీద పెట్టకూడదన్న రూలు మా కాగితం మీద మొదటి లైన్లో, ఎర్ర ఇంకుతో ఉంటుంది. సడ్లీ రోడ్డు మీద ఇప్పటికీ ఒక గోధుమ రంగు మచ్చ ఉంది. చేసినవాళ్ళ పేరు చెప్పను, వాళ్ళదే ఆ బేస్‌మెంట్.

పల్నాటి యుద్ధం ఇలా ఆడొచ్చుగా? అదీ అన్నదమ్ముల పోరే.

అడగని తెలుగువాడు లేడు. మేమూ ఒక ఆదివారం కూర్చుని ప్రయత్నించాం. చిక్కేమిటంటే, మనాసస్‌లో ఏ రెజిమెంట్ ఎన్నింటికి ఎక్కడుందో కాగితాలున్నాయి. కారంపూడి గురించి మనకున్నది వీరగాథ. అందులో బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు కళ్ళకి కడతారు, బలగాల లెక్క మాత్రం దొరకదు. దాన్ని దళాల ఆటగా కాకుండా మనుషుల ఆటగా, అలకలూ పంతాలూ రాయబారాలతో చేస్తేనే బాగుంటుందనిపించింది. కోడిపందేనికి పాచికలు బాగానే పనికొస్తాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి కుదురుతుందా?

ఎందుకు కుదరదు? ఫోమ్ బదులు థర్మోకోల్, అంటించడానికి ఫెవికాల్, బేసులకి లేజర్ కటింగ్ చేసేవాళ్ళ దగ్గర ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) ముక్కలు. బొమ్మలు బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి తడిసి మోపెడవుతుంది. త్రీడీ ప్రింటర్ ఉన్న స్నేహితుణ్ణి పట్టుకోండి.

అసలు స్థలం చూడొచ్చా?

ఇది నేషనల్ పార్క్. ఆష్‌బర్న్ డేటా సెంటర్లలో పనిచేసే మనవాళ్ళు రోజూ చుట్టుపక్కలే తిరుగుతూ కూడా చాలామంది లోపలికి వెళ్ళలేదు. హెన్రీ గుట్ట మీద జాక్సన్ విగ్రహం ఉంటుంది, కండలు తిరిగి సినిమా హీరోలా. అక్కడ ఆగిపోకుండా కింద రాతి ఇంటి దాకా దిగి, రోడ్డు దాటి మాథ్యూస్ గుట్ట ఎక్కండి. బల్ల మీద మనం మూడు టర్నుల్లో దాటించే దూరం అది. జూలై ఎండలో నడిస్తే నాకు మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. ఆ సిపాయిలు తెల్లవారుజామున రెండున్నర నుంచీ నడుస్తూ అక్కడికి చేరారు.

చివరికి గెలుపెవరిదో ఎలా తేలుస్తారు?

ఆఖరి టర్న్ అయ్యేసరికి హెన్రీ ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. ఇంటికి మూడంగుళాల లోపు రెండు వైపులవాళ్ళూ ఉంటే డ్రా. మేము ఇప్పటికి పదకొండుసార్లు ఆడాం: యూనియన్ ఐదు, కాన్ఫెడరేట్లు నాలుగు, డ్రాలు రెండు. డ్రా అయిన రోజే అందరూ ఎక్కువసేపు కూర్చుంటారు, ఎవరి చిట్టీ ఎక్కడ పోయిందో అంపైర్ అప్పుడే చెత్తబుట్టలోంచి తీసి చదువుతాడు.